బగ్దాద్ వీడి బొంబాయిని వెలిగించిన వణిజుడు: డేవిడ్ ససూన్ సంపద, ధర్మం

1924 జనవరి 12 రాత్రి పుణెలోని ఒక ప్రభుత్వ ఆసుపత్రి వైపు యావద్భారతం చూపు నిలిచింది. యరవాడ కారాగారంలో శిక్ష అనుభవిస్తున్న మహాత్మా గాంధీకి తీవ్రమైన కడుపునొప్పి రావడంతో అధికారులు ఆయనను అక్కడికి తరలించారు. అపెండిసైటిస్‌గా నిర్ధారించిన బ్రిటిష్ వైద్యాధికారి కల్నల్ మ్యాడక్ ఆ రాత్రే శస్త్రచికిత్స చేశారు. మధ్యలో విద్యుత్తు ఆగిపోగా, చివరకు హరికేన్ లాంతరు వెలుగులో పని పూర్తయింది. నాటి పత్రికలన్నింటా ఆ ఆసుపత్రి పేరు మార్మోగింది. అది ససూన్ ఆసుపత్రి. ఆ పేరు గల మనిషి అప్పటికి అరవై సంవత్సరాల క్రితమే, అదే పుణెలో కన్నుమూశారు. ఆయన భారతీయుడిగా పుట్టలేదు, ఆంగ్లేయుడూ కాదు. నలభై ఏళ్ళ వయసులో సర్వం పోగొట్టుకొని ఓడెక్కి ఈ గడ్డకు చేరిన బగ్దాద్ యూదుడు.

డేవిడ్ ససూన్ 1792లో బగ్దాద్‌లో జన్మించారు. ఆనాడు ఆ నగరం ఉస్మానియా సామ్రాజ్యంలో భాగం. పేరుకు ఇస్తాంబుల్‌లోని సుల్తాను ఏలికే అయినా, అధికారమంతా మమ్లూక్ పాషాల చేతిలో ఉండేది. తండ్రి షేక్ ససూన్ బెన్ సాలిహ్ పాషాలకు కోశాధికారి. నగరంలోని యూదులకు ఆయనే పెద్ద. ఆ పెద్దరికాన్ని నాసీ అనేవారు. పన్నుల వసూలులో పాలకుడికి జవాబుదారీగా ఉండటం, ఆపద వచ్చినప్పుడు తనవారి పక్షాన పాలకుడి ముందు నిలబడటం నాసీ బాధ్యతలు. ఇంట్లో డబ్బు, పలుకుబడి ఎంత ఉన్నా, పాషా మనసు మారితే అంతా ఒక్క రాత్రిలో పోయే బతుకు అది. డేవిడ్ హీబ్రూ, అరబ్బీ, తుర్కీ, పారశీక భాషలు నేర్చుకొన్నారు. బాల్యం నుంచే లెక్కల పుస్తకాల మధ్య, ధర్మశాస్త్రాల మధ్య పెరిగారు.

దావూద్ పాషా పాలన వచ్చాక ఆ కుటుంబానికి గడ్డురోజులు మొదలయ్యాయి. ఖజానా నింపుకోవడానికి సంపన్న యూదులను బంధించి సొమ్ము గుంజడం పరిపాటిగా మారింది. డేవిడ్ కూడా నిర్బంధంలో పడ్డారు. వృద్ధుడైన తండ్రి డబ్బు చెల్లించి కొడుకును విడిపించుకొన్నారు. ఇక ఊరు విడిచిపెట్టడమే శరణ్యమైంది. రాత్రివేళ పడవలో నదిమీదుగా బస్రాకు, అక్కడి నుంచి పారశీక తీరంలోని బుషెహర్ రేవుకు సాగిన పలాయనంపై ఎన్నో కథలు పుట్టాయి. అంగీ అంచులో ముత్యాలు కుట్టుకొని వెళ్ళారన్నది వాటిలో ఒకటి. కోటీశ్వరుల జీవితాలకు ఇలాంటి ముత్యాలు తరువాతి తరాలవారు తొడుగుతూనే ఉంటారు. నిజం ఇంతకంటే కఠినం. తండ్రి ఆ పరాయి రేవులోనే 1830లో మరణించారు. మొదటి భార్య హన్నా అంతకు నాలుగేళ్ళ ముందే చనిపోయారు. ఆమె కన్న పిల్లలు, రెండో భార్య ఫర్హా, ఆమెకు పుట్టబోయే సంతానం, అందరి భారమూ ఒక్కడిపై పడింది. మరుసటి సంవత్సరం బగ్దాద్‌ను ప్లేగు, వరద ఒకేసారి ముంచెత్తాయి. దావూద్ పాషా కూడా గద్దె దిగాడు. అయినా డేవిడ్ వెనక్కి వెళ్ళలేదు. 1832లో కుటుంబంతో బొంబాయి రేవులో దిగారు.

బొంబాయికి యూదులు కొత్త కాదు. కొంకణ తీర గ్రామాలలో ఎన్నో శతాబ్దాలుగా స్థిరపడిన బెనె ఇజ్రాయెల్ వారు అప్పటికే నగరంలో ఉన్నారు. వారి వృత్తి గానుగ. శనివారం గానుగ కట్టరు కాబట్టి ఊరివారు వారిని శనివార తేలీలనేవారు. మాట్లాడేది మరాఠీ, కట్టుబొట్టు కొంకణీయం. 1796లో వారే బొంబాయిలో మొదటి సినగాగ్‌ను నిర్మించారు. బగ్దాద్, బస్రా, అలెప్పో నుంచి వచ్చిన కొద్దిపాటి అరబ్బీ భాషా యూదులు తొలిరోజుల్లో అక్కడే ప్రార్థనలు చేసుకొనేవారు. డేవిడ్ కుటుంబం వచ్చి చేరింది ఈ చిన్న సమూహంలోనే.

కోట ప్రాంతంలోని టామరిండ్ లేన్‌లో, అంటే చింతచెట్టు సందులో, ఆయన చిన్న కచేరీ తెరిచారు. ఇంగ్లండు నుంచి వచ్చే మిల్లు బట్టను పారశీక సింధుశాఖ రేవులకు పంపడం, అక్కడి సరుకును తెచ్చి బొంబాయిలో అమ్మడం తొలి వ్యాపారం. ఆ రేవులన్నింటా పరిచయస్థులుండటం, వారి భాషలు తెలిసి ఉండటం ఆయనకు పెట్టుబడి కంటే ఎక్కువగా ఉపకరించాయి. కాలం కూడా కలిసివచ్చింది. 1833 చార్టర్ చట్టంతో చైనా వాణిజ్యంపై ఈస్టిండియా కంపెనీ గుత్తాధిపత్యం రద్దయింది. తూర్పు సముద్రం ప్రైవేటు వర్తకులకు తెరుచుకొంది.

ఆ సముద్రం మీదుగా వెళ్ళిన సరుకులలో నూలు ఉంది, బట్ట ఉంది, అన్నింటికంటే లాభసాటిగా నల్లమందు ఉంది. ఈ సంగతి దాటవేసి ససూన్ దానధర్మాల గురించి రాయడం కుదరదు. ఇందూరు, గ్వాలియరు సంస్థానాల పొలాలలో పండిన మాళవ నల్లమందు పెట్టెలకెత్తి బొంబాయి రేవుకు వచ్చేది. ప్రతి పెట్టెపై ప్రభుత్వం రహదారి సుంకం వసూలు చేసేది. చైనా చక్రవర్తి నిషేధించిన ఆ సరుకును చైనాలోకి చేర్చడానికి బ్రిటన్ ఏకంగా యుద్ధమే చేసింది. 1842 నాటి నాన్‌కింగ్ సంధితో ఐదు చైనా రేవులు తెరుచుకొన్నాయి. రెండేళ్ళు తిరగకముందే, 1844లో, డేవిడ్ రెండో కుమారుడు ఎలియాస్ కాంటన్‌కు బయలుదేరారు. తరువాత హాంకాంగ్, షాంఘైలలో సంస్థ శాఖలు వెలిశాయి. బొంబాయిలో జంషెడ్జీ జీజీభాయ్ వంటి పార్సీ శ్రేష్ఠులు అంతకు ముందే ఈ వర్తకంలో గడించారు. జార్డిన్ మాథెసన్ వంటి ఆంగ్ల సంస్థలు పోటీలో ముందున్నాయి. ససూన్‌లు ఆలస్యంగా వచ్చి, 1870ల నాటికి అందరినీ దాటిపోయారు. నాటి బ్రిటిష్ భారత చట్టం ప్రకారం అదేమీ నేరం కాదు. ప్రభుత్వ ఖజానాకే నల్లమందు పెద్ద ఆదాయం. చైనాలో కూలిన కుటుంబాల లెక్క మాత్రం బొంబాయిలోని ఏ ఖాతాపుస్తకానికీ ఎక్కలేదు. నల్లమందుపై లండన్‌లో రాజ విచారణ సంఘం ఏర్పడింది 1893లో. అప్పటికి డేవిడ్ మరణించి దాదాపు మూడు దశాబ్దాలైంది.

వ్యాపారం విస్తరించే కొద్దీ ఆయనకు నమ్మకస్తులైన మనుషుల అవసరం పెరిగింది. విద్యారంగంలో ఆయన దాతృత్వానికి మొదటి మెట్టు ఈ అవసరంలోనే ఉంది. బగ్దాద్‌లో, అలెప్పోలో, డమాస్కస్‌లో వేధింపులకో పేదరికానికో గురైన యూదు కుటుంబాలు బొంబాయిలో ససూన్ ఉన్నాడన్న కబురు విన్నాయి. యువకులు, బాలురు ఓడలెక్కి వచ్చారు. వచ్చినవారికి తలదాచుకొనే చోటు, తమ ఆచారానికి తగిన భోజనం, జబ్బు చేస్తే వైద్యం, చనిపోతే శ్మశానంలో స్థలం సంస్థే చూసేది. అన్నింటికంటే ముఖ్యంగా చదువు చెప్పించేది. డేవిడ్ ససూన్ బెనవలెంట్ ఇన్‌స్టిట్యూషన్ అన్న పేరుతో నడిచిన ఆ బడిలో హీబ్రూ, అరబ్బీ, ఇంగ్లీషు, గణితం, భూగోళం నేర్పేవారు. పొద్దున వేదపాఠం వంటి తోరా పఠనం, ఆ వెనుక జమాఖర్చుల లెక్క. బడి పూర్తయిన కుర్రవాడు గుమాస్తాగా బొంబాయి కచేరీలో చేరేవాడు, పని పట్టుబడ్డాక షాంఘైకో హాంకాంగ్‌కో బుషెహర్‌కో బదిలీ అయ్యేవాడు.

సంస్థ ఉత్తరాలన్నీ యూదు అరబ్బీలో నడిచేవి. భాష బగ్దాద్ అరబ్బీ, లిపి హీబ్రూ. పోటీదారుడి చేతికి ఆ ఉత్తరం చిక్కినా చదవలేడు. కనుక ఆ లిపి నేర్చిన కుర్రవాడు సంస్థకు గుమాస్తా మాత్రమే కాదు, గుట్టు కాపాడే తాళంచెవి. బడి పెట్టడంలో ధర్మం ఎంత, వ్యాపార లౌక్యం ఎంత అని విడదీయడం కష్టం. ఆయన మనసులో ఆ రెండూ వేరు కాకపోయి ఉండవచ్చు. శనివారం కచేరీ మూతపడేది. ఆదాయంలో పదోవంతు ధర్మానికి తీయడం యూదు సంప్రదాయంలో ఉన్నదే. భారతీయ వర్తకులు బేరం కుదిరిన ప్రతిసారీ ధర్మాదా పేరిట కొంత సొమ్ము పక్కన పెట్టేవారు. బగ్దాద్ ఆచారం, బొంబాయి బజారు పద్ధతి ఆయన దుకాణంలో సులభంగా కలిసిపోయాయి.

మరో చిక్కూ ఈ ఏర్పాటుతో తీరింది. పదిమంది వయోజన పురుషులు లేనిదే యూదులకు సామూహిక ప్రార్థన జరగదు. ఒక్క వర్తకుడు ఒంటరిగా పరాయి రేవుకు వెళితే అతని మతజీవనం అక్కడితో ఆగిపోతుంది. ససూన్ శాఖ ఏ రేవులో తెరిచినా బడిలో చదివిన గుమాస్తాలు గుంపుగా వెళ్ళేవారు. కచేరీ వెంట ప్రార్థనా గది, శ్మశానం కోసం కొంత నేల, కోషర్ మాంసం కోసే మనిషి వచ్చేవారు. హాంకాంగ్, షాంఘైలలో యూదు సమాజాలు ఇలాగే మొలకెత్తాయి.

బొంబాయిలో బగ్దాదీ యూదుల సంఖ్య పెరగడంతో కోట ప్రాంతపు ఇరుకు గదులు చాలలేదు. డేవిడ్ తన నివాసాన్ని బైకులాకు మార్చారు. అక్కడి సాన్ సూసీ భవనం నేడు మసీనా ఆసుపత్రి. ఆ చుట్టుపక్కలే 1860లలో ఆయన మాగెన్ డేవిడ్ సినగాగ్‌ను నిర్మించారు. పక్కనే బడి, యాత్రికులు దిగే వసతి. వాటిని ఆనుకొని బగ్దాదీ కుటుంబాల ఇళ్ళు లేచాయి. దోరెష్ తోవ్ లె అమ్మో అనే యూదు అరబ్బీ వారపత్రిక 1855 నుంచి దాదాపు పదేళ్ళపాటు బొంబాయిలో వెలువడింది. ఓడల రాకపోకలు, సరుకుల ధరలు, పెళ్ళిళ్ళ కబుర్లు అందులోనే. తెలుగువారికి ఈ ప్రాంతంతో మరో రకమైన చుట్టరికం ఉంది. బైకులాకు దగ్గరలోని కామాఠీపురా పేరు నిజాం రాజ్యం నుంచి వలస వెళ్ళిన తెలుగు భవన నిర్మాణ కూలీల నుంచి వచ్చిందే. పాషాకు జడిసి వచ్చిన షావుకారు, పని వెతుక్కొంటూ వచ్చిన తాపీ మనిషి ఒకే నగరంలో, ఒకే కాలంలో, నడిచి వెళ్ళగలిగిన దూరంలో బతికారు.

మాగెన్ డేవిడ్ సినగాగ్ కథకు ఇంకో పార్శ్వం ఉంది. తొలిరోజుల్లో తమకు ప్రార్థనకు చోటిచ్చిన బెనె ఇజ్రాయెల్ వారితో బగ్దాదీలకు పొత్తు ఎంతోకాలం నిలవలేదు. 1836లోనే, అంటే డేవిడ్ వచ్చిన నాలుగేళ్ళకే, ఉమ్మడి శ్మశానంలో రెండు వర్గాల సమాధుల మధ్య అడ్డుగోడ కట్టాలని బగ్దాదీ పెద్దలు ప్రభుత్వానికి అర్జీ పెట్టుకొన్నారు. బెనె ఇజ్రాయెల్ వారి వివాహ ఆచారాలు శాస్త్రసమ్మతం కావని, వారి వంశశుద్ధి సందేహాస్పదమని బగ్దాదీలు భావించారు. కులం వేళ్ళూనుకొన్న దేశంలో, చర్మం రంగును బట్టి మర్యాద దక్కే పాలనలో, కొత్తగా వచ్చిన సంపన్నులు తమను స్థానికుల జాబితాలో కలపకుండా చూసుకోవడంలో స్వప్రయోజనమూ ఉంది. ప్రార్థనకు కావలసిన పదిమందిలో బెనె ఇజ్రాయెల్ మనిషిని లెక్కించవచ్చా అన్న తగువు మరో వంద సంవత్సరాలు నడిచింది. బెనె ఇజ్రాయెల్ వారు తమ పిల్లల చదువు కోసం స్కాటిష్ మిషనరీ జాన్ విల్సన్ బడులను, కొచ్చిన్ నుంచి వచ్చిన యూదు బోధకులను ఆశ్రయించారు. తమ సొంత బడి పెట్టుకోవడానికి 1875 దాకా ఆగవలసి వచ్చింది. తోటి యూదుడికి బగ్దాద్‌లో కష్టం వస్తే ఓడ పంపిన సమాజం, పక్కవీధిలోని తోటి యూదుడిని గోడకు అవతల నిలబెట్టింది. డేవిడ్ ధర్మబుద్ధిని కొలిచే ఎవరైనా ఈ గోడను కూడా లెక్కలోకి తీసుకోక తప్పదు.

గమనించదగ్గ విషయం, తన మతం వెలుపల ఆయన చేసిన దానాలకు ఇలాంటి గోడలు కనిపించవు. నాటి బొంబాయిలో శెట్టియాలుగా పేరుబడ్డ వర్తక ప్రముఖుల మధ్య దానంలో పోటీ సాగేది. జంషెడ్జీ జీజీభాయ్ పేరిట ఆసుపత్రి, జగన్నాథ్ శంకర్‌శేఠ్ పేరిట బడులు. గవర్నరు దర్బారులో ఆసనం, బిరుదు, నగరంలో పరువు వీటి వెంటే వచ్చేవి. ఆ పోటీలోకి దిగిన డేవిడ్ ఎంచుకొన్న పనులలో ఒకటి మాత్రం అంత ఆకర్షణీయమైనది కాదు. వీధుల్లో దొంగతనాలకు పాల్పడి పట్టుబడిన పిల్లల సంగతి అది.

ఆ రోజుల్లో అలాంటి బాలలను పెద్ద నేరస్తులతో కలిపి జైలులో పెట్టేవారు. బయటికి వచ్చేసరికి వారు ఆరితేరిన దొంగలయ్యేవారు. పది నుంచి పద్దెనిమిదేళ్ళ లోపు అనాథ, నేరస్థ బాలలను పని నేర్చుకొనేందుకు ఒక యజమాని వద్ద ఒప్పంద శిష్యరికంలో చేర్చే అధికారాన్ని 1850 నాటి చట్టం మేజిస్ట్రేట్లకు ఇచ్చింది. చట్టం ఉన్నా అలాంటి పిల్లలను తీసుకొనే సంస్థలు లేవు. 1857లో డేవిడ్ ఇచ్చిన విరాళంతో బొంబాయిలో డేవిడ్ ససూన్ పారిశ్రామిక, సంస్కరణాలయం రూపుదాల్చింది. పిల్లలకు చదువుతోపాటు చేతిపని నేర్పి, సొంత కాళ్ళ మీద నిలబెట్టి పంపడం దాని ఉద్దేశం. దేశంలో బాలనేరస్థులకు జైలు కాకుండా బడి ఉండాలన్న ఆలోచనకు తొలి రూపాలలో ఇది ఒకటి. సంస్కరణాలయాల చట్టం వచ్చింది 1876లో. ఆ బడి మాహిం ప్రాంతంలో ఇప్పటికీ ఆయన పేరుతోనే నడుస్తోంది.

అదే 1857లో ఉత్తర భారతమంతా తిరుగుబాటుతో అట్టుడికింది. బొంబాయి వర్తకులలో గుబులు పుట్టింది. డేవిడ్ ఏమాత్రం తటపటాయించకుండా గవర్నరు లార్డ్ ఎల్ఫిన్‌స్టన్ పక్షాన నిలిచి, అవసరమైతే యూదు వాలంటీర్ల దళాన్ని సమకూరుస్తానన్నారు. పాషాల ఏలుబడిలో రాత్రికి రాత్రి ఇల్లు విడిచిన మనిషి ఆయన. ఆస్తిని, ప్రార్థనను ముట్టుకోని పాలన ఏదైనా ఆయనకు దేవుడిచ్చిన వరంగానే తోచింది. ఈ దేశ ప్రజలు ఆ పాలనలో ఏం పోగొట్టుకొంటున్నారన్నది ఆయన దృష్టికి వచ్చిన విషయం కాదు. అంతకు నాలుగేళ్ళ ముందే, 1853లో, ఆయన బ్రిటిష్ పౌరసత్వం స్వీకరించారు. ఆ పత్రంపై సంతకం హీబ్రూ అక్షరాలలో చేశారు. కారణం సులువు. ఆయనకు ఇంగ్లీషు రాదు. చివరిదాకా నేర్చుకోలేదు కూడా. హిందుస్థానీ మాట్లాడేవారు. బగ్దాద్ నాటి తలపాగా, పొడవాటి అంగీ ఏనాడూ విడిచిపెట్టలేదు. బొంబాయి ఎండలోనూ అదే వేషం.

ఇంగ్లీషు రాని ఈ మనిషి పేరుతోనే నగరంలోని ప్రసిద్ధ ఇంగ్లీషు గ్రంథాలయాలలో ఒకటి నిలిచి ఉండటం వింతగా కనిపిస్తుంది. దాని మూలం 1847లో ఉంది. ప్రభుత్వ టంకశాలలో, ఓడల మరమ్మతు కేంద్రంలో పనిచేసే యువ మెకానిక్కులు, ఫోర్‌మన్‌లు యంత్రాల నమూనాలను, సాంకేతిక విషయాలను చర్చించుకోవడానికి, పుస్తకాలు చదువుకోవడానికి మెకానిక్స్ ఇన్‌స్టిట్యూట్ పేరుతో ఒక సంఘం పెట్టుకొన్నారు. దానికంటూ ఇల్లు లేదు. ససూన్ కుటుంబం ధనంతో, ముఖ్యంగా పెద్దకొడుకు అబ్దుల్లా చొరవతో, కాలాఘోడా ప్రాంతంలో రాతిభవనం లేచి 1870లో పూర్తయింది. మెట్ల దగ్గర నిలువెత్తు పాలరాతి విగ్రహం ఉంటుంది. శిల్పి థామస్ వూల్నర్ చెక్కిన ఆ విగ్రహంలో డేవిడ్ తన బగ్దాద్ దుస్తులలోనే ఉన్నారు. పైఅంతస్తు వరండాలోని పడకకుర్చీలలో వాలి పుస్తకం చదివిన తరతరాల బొంబాయి విద్యార్థులకు ఆయన ముఖం సుపరిచితం, చరిత్ర అంతగా కాదు. బైకులాలోని రాణీబాగ్ దగ్గర గడియార స్తంభం, అక్కడి మ్యూజియంలోని ప్రిన్స్ ఆల్బర్ట్ విగ్రహం కూడా ఆయన ఇచ్చినవే.

జీవితం చివరి భాగంలో ఆయన మనసు పుణె వైపు మళ్ళింది. వానాకాలంలో బొంబాయి ప్రభుత్వమే అక్కడికి తరలేది, వెనుకే షావుకార్లు. ఆ నగరానికి సరైన ఆసుపత్రి లేకపోవడం ఆయనను కదిలించింది. సైనిక ఇంజనీరు హెన్రీ సెయింట్ క్లెయిర్ విల్కిన్స్ రూపకల్పనలో రెండు కట్టడాలు దాదాపు ఒకేసారి మొదలయ్యాయి. ఒకటి అందరి కోసం ఆసుపత్రి. రెండోది తనవారి కోసం ఓహెల్ డేవిడ్ సినగాగ్. ఎర్ర ఇటుకలతో, ఎత్తైన గోపురంతో ఉన్న ఆ సినగాగ్‌ను పుణె ప్రజలు లాల్ దేవళ్ అని పిలుచుకొన్నారు. దిక్కులేని వృద్ధులకు, అంగవిహీనులకు అక్కడే ఆయన పేరిట ఒక ఆశ్రమం కూడా ఏర్పడింది. అది నివారా పేరుతో నేటికీ ఉంది.

అమెరికా అంతర్యుద్ధం కారణంగా 1861 నుంచి బొంబాయి పత్తికి ఎన్నడూ లేని ధర పలుకుతున్న రోజులవి. నగరమంతా వాటాల జూదంలో మునిగింది. 1865లో యుద్ధం ముగిసి ధరలు కుప్పకూలి, ఎందరో కోటీశ్వరులు ఒక్క వేసవిలో దివాలా తీశారు. ససూన్ సంస్థ ఆ దెబ్బకు తట్టుకొని నిలిచింది. అది చూడటానికి డేవిడ్ మాత్రం లేరు. 1864 నవంబరు 7న పుణెలో ఆయన మరణించారు. ఆసుపత్రి, సినగాగ్ రెండూ పూర్తికావడానికి మరో మూడేళ్ళు పట్టింది. ఆయనను లాల్ దేవళ్ ప్రాంగణంలోనే సమాధి చేశారు.

ఆయన మరణించిన మరుసటి నెలలో బగ్దాద్‌లో ఒక కొత్త బడి తెరుచుకొంది. పారిస్ కేంద్రంగా గల యూదు విద్యాసంస్థ అలయన్స్ దాన్ని ప్రారంభించింది. మతగ్రంథాలతో సరిపెట్టకుండా ఆధునిక శాస్త్రాలు, యూరప్ భాషలు నేర్పే బడి అది. దానికి భవనం ఇచ్చింది డేవిడ్ పెద్దకొడుకు అబ్దుల్లా. అప్పటికి ఆయన ఆల్బర్ట్ అయ్యారు. ఈ పేరు మార్పులోనే తరువాతి కథ సగం ఉంది. ఎనిమిది మంది కొడుకులలో ఎలియాస్ 1867లో విడిపోయి సొంత సంస్థ పెట్టుకొన్నారు. ఆల్బర్ట్ బొంబాయిలో ససూన్ డాక్ నిర్మించి, ఆపైన లండన్ చేరి బారొనెట్ అయ్యారు. ఆయన కొడుకు రోత్‌షీల్డ్ ఇంటి అమ్మాయిని పెళ్ళాడారు. బొంబాయిలో పుట్టిన మనవరాలు రేచల్ బీర్ 1890లలో లండన్‌లో రెండు ప్రముఖ ఆదివారపు పత్రికలకు ఒకేసారి సంపాదకురాలిగా ఉన్నారు. మునిమనవడు సీగ్‌ఫ్రీడ్ ససూన్ మొదటి ప్రపంచ యుద్ధంపై నిరసన కవిత్వంతో ప్రసిద్ధి పొందారు. తాతలు వాడిన యూదు అరబ్బీ లిపిని చదవగలిగినవారు ఆ ఇంట క్రమంగా తగ్గిపోయారు. సంస్థకు అంతటి బలాన్నిచ్చిన గుట్టు భాష, బడి పెట్టి మరీ పరుల పిల్లలకు నేర్పిన భాష, సొంతింట నిలవలేదు.

బడిలో చదివిన పరుల పిల్లలు వేరే దారులు పట్టారు. బగ్దాద్‌లో పుట్టి, బొంబాయిలో ససూన్ ధర్మబడిలో చదువుకొన్న సైలస్ హార్డూన్ షాంఘైలో సంస్థకు చిన్న కొలువులో చేరి, ఆ నగరంలోకెల్లా సంపన్నులైన భూస్వాములలో ఒకరయ్యారు. ససూన్‌ల కొలువులోనే జీవితం ప్రారంభించిన ఎలీ కదూరీ హాంకాంగ్, షాంఘైలలో గొప్ప వ్యాపార కుటుంబానికి మూలపురుషుడయ్యారు. 1875లో బెనె ఇజ్రాయెల్ వారు చందాలు పోగుచేసుకొని బొంబాయిలో పెట్టుకొన్న బడికి తరువాతి కాలంలో పెద్ద విరాళం ఇచ్చింది ఈ కదూరీయే. ఆ బడి ఆయన పేరుతోనే ప్రసిద్ధమైంది. శ్మశానం అడ్డుగోడ కోసం బగ్దాదీ పెద్దలు అర్జీ రాసిన వర్గానికి, బగ్దాదీ డబ్బు ఆ విధంగా చేరింది. ఇజ్రాయెల్ ప్రభుత్వం బెనె ఇజ్రాయెల్ వారిని అన్నివిధాలా సంపూర్ణ యూదులుగా ప్రకటించినది 1964లో. డేవిడ్ ససూన్ మరణించి అప్పటికి సరిగ్గా నూరేళ్ళు.

ఆ నాటికి బొంబాయి బగ్దాదీలలో అధికులు వెళ్ళిపోయారు. దేశానికి స్వాతంత్య్రం, ఇజ్రాయెల్ ఆవిర్భావం వెంటవెంటనే రావడంతో కొందరు లండన్‌కు, కొందరు ఆస్ట్రేలియాకు, మరికొందరు ఇజ్రాయెల్‌కు తరలారు. బైకులాలో మాగెన్ డేవిడ్ సినగాగ్ పక్కన డేవిడ్ మనవడు జేకబ్ పేరుతో ఉన్న బడి మాత్రం మూతపడలేదు. హీబ్రూ, యూదు పండుగల పాఠాలు చెప్పడానికి పెట్టిన ఆ బడి తరగతి గదులలో ఇప్పుడు కూర్చొనేది చుట్టుపక్కల వీధుల పిల్లలు. వారిలో అత్యధికులు ముస్లిం కుటుంబాలవారు. సాయంత్రం గంట కొట్టగానే లేత నీలిరంగు సినగాగ్ గోడ పక్కనుంచే వారంతా ఇళ్ళకు పరుగులు తీస్తారు.